కూరగాయలు వెంట తెచ్చుకున్న ప్రేక్షకులు

జనం చూసిన వింతలు – 9వ భాగం

గత వారం న్యూయార్కులో వింతల వ్యాపారి బార్నమ్ మ్యూజియం గుమ్మం దగ్గర ఆగాం. కోతి మొండేనికి చేప తోక అతికించిన ఒక ఎండు బొమ్మను 1842లో ‘ఫీజీ మత్స్యకన్య’ అని చూపించి బార్నమ్ ఊరంతటినీ క్యూలో నిలబెట్టాడు. చూసినవాళ్లు నవ్వారు, తిట్టారు, డబ్బు దండగ అనుకున్నారు. ఎవరేమన్నా ఆ బొమ్మకు పోయిందేమీ లేదు. దానికి ప్రాణం లేదు.

ఈ వారం వింతకు ప్రాణం ఉంది, పేరు ఉంది, రోషం కూడా ఉంది. అయిదుగురు రైతుబిడ్డలు ‘ప్రపంచంలోకెల్లా చెత్త ప్రదర్శన’ అనిపించుకుని అమెరికా అంతా తిరిగిన కథ ఇది. వాళ్లను చూసి నవ్వడం తన హక్కని జనం అనుకుంది. చివరికి ఒక రాష్ట్ర సుప్రీంకోర్టు కూడా అవుననే చెప్పింది.

మేరియన్ ఊరి పొలం

అయోవా రాష్ట్రంలో, సెడార్ రాపిడ్స్ పట్నానికి ఆనుకుని మేరియన్ అనే చిన్న ఊరు ఉంది. ఆ పక్కనే చెర్రీ కుటుంబం పొలం. తల్లీ తండ్రీ పోయాక ఇల్లూ పొలమూ ఆడపిల్లల మీద పడ్డాయి. ఎల్లా, ఎలిజబెత్, ఆడీ, ఎఫీ, జెస్సీ. ఎవరికీ పెళ్లి కాలేదు. నేథన్ అనే సోదరుడు షికాగో వైపు వెళ్లి ఆచూకీ లేకుండా పోయాడు.

1893లో షికాగోలో పెద్ద ప్రపంచ ప్రదర్శన పెట్టారు. మన వివేకానందుడు ప్రసంగించిన సర్వమత సభ జరిగింది కూడా ఆ సందర్భంలోనే. అక్కచెల్లెళ్లకు ఆ ప్రదర్శన చూడాలని ఆశ, పనిలో పనిగా నేథన్‌ను వెతకాలని కూడా అనుకున్నారంటారు. దారి ఖర్చులకు డబ్బు కావాలి. దాంతో ఆ ఏడాది జనవరిలో మేరియన్‌లోని డేనియల్స్ ఓపెరా హౌస్‌లో సొంతంగా ఒక కచేరీ పెట్టారు. పేరుకే ఓపెరా హౌస్. అమెరికా చిన్న ఊళ్లలో నాటకం, ఉపన్యాసం, గారడీ, ఏదైనా జరిగే హాలును అలాగే పిలిచేవారు.

కార్యక్రమమంతా వాళ్లే తయారు చేసుకున్నారు. పాటలు, సొంతంగా రాసిన వ్యాసాలు, పద్యాలు, ‘జిప్సీ హెచ్చరిక’ పేరుతో ఒక చిన్న నాటకం, శిలువను పట్టుకుని కదలకుండా నిలబడే భక్తి దృశ్యం, నడుమ జెస్సీ వాయించే పెద్ద డోలు. అందరికీ తెలిసిన ఒక పాట బాణీలో తమ ఇంటిపేరు ఇరికించి, తమను తామే మెచ్చుకునే పాట కూడా కట్టుకున్నారు. ప్రదర్శన నిండా నీతే. ఆడపిల్ల మాయమాటలకు లొంగకూడదు, మగపిల్లవాడు తాగకూడదు, దేశాన్ని ప్రేమించాలి. ఇందులో నవ్వించడానికని పెట్టింది దాదాపు ఏమీ లేదు.

మేరియన్ జనం తెలిసినవాళ్లు, చర్చిలో పలకరించుకునేవాళ్లు. చప్పట్లు కొట్టారు. మన ఊళ్లో బడి వార్షికోత్సవంలో పక్కింటి పిల్లకు కొట్టే చప్పట్ల లాంటివి అవి. అక్కచెల్లెళ్లు వాటిని నిజమైన చప్పట్లనే అనుకున్నారు. అనుకోకపోవడానికి వాళ్లకు కారణమేమీ కనిపించలేదు.

రబ్బరు జోళ్లు

తర్వాతి నెలలో సెడార్ రాపిడ్స్‌లో గ్రీన్స్ ఓపెరా హౌస్. ఇది పట్నం. ఇక్కడ వాళ్లను ఎరిగినవాళ్లు తక్కువ. తెర లేచిన కాసేపటికే ఈలలు, కేకలు, వెకిలి చప్పట్లు మొదలయ్యాయి. తర్వాత వస్తువులు పడడం మొదలైంది. మంచులో, బురదలో బూట్లు పాడవకుండా పైన తొడుక్కునే రబ్బరు జోళ్లు ఆ కాలంలో అందరి కాళ్లకూ ఉండేవి. చేతికి అందినవి అవే కాబట్టి వాటినే విప్పి విసిరారు. అక్కచెల్లెళ్లు మాత్రం కార్యక్రమం ఆపలేదు.

స్థానిక పత్రిక ‘గెజెట్’ ఆ ప్రదర్శన మీద రాసిన సమీక్ష సారాంశం ఇది: ఇంత తెగువ మామూలు మనుషులకు అంతుపట్టదు. తాము కోతివేషాలు వేస్తున్నామని సిగ్గు వాళ్లకు చెప్పకపోయినా, మీద పడ్డ రబ్బరు జోళ్లయినా చెప్పి ఉండాల్సింది.

ఈ ముక్క పాఠకులు గుర్తుంచుకోవాలి. ఆ తర్వాత పదేళ్లపాటు చెర్రీ సోదరీమణుల గురించి రాసిన ప్రతివాడూ ఏదో ఒక రూపంలో ఇదే అన్నాడు. పాపం, వాళ్లకు తెలియడం లేదు.

తెలియకపోవడం ఏమిటి? అక్కచెల్లెళ్లు సమీక్ష చదివారు, తిన్నగా గెజెట్ మీద పరువునష్టం ఫిర్యాదుకు దిగారు. పత్రిక వాళ్లు, మీరే ఒక సవరణ రాసివ్వండి, అచ్చేస్తాం అన్నారు. వీళ్లు రాసిచ్చారు. పత్రిక దాన్ని అక్షరం దిద్దకుండా, తప్పులు తప్పులుగానే అచ్చేసింది. ఊరు రెండోసారి నవ్వుకుంది.

అక్కడితోనూ వదల్లేదు. మార్చిలో అదే గ్రీన్స్ ఓపెరా హౌస్ వేదిక మీద ‘విచారణ’ ఏర్పాటు చేశారు. లాయర్లు, జ్యూరీ, టికెట్టు కొన్న ప్రేక్షకులు, అన్నీ ఉన్నాయి. కోర్టు మాత్రం ఉత్తుత్తిది. విచారణ తర్వాత గెజెట్ సిటీ ఎడిటరు దోషి అని తేల్చారు. శిక్ష ఏమిటంటే, అక్కచెల్లెళ్లు ఊళ్లు తిరుగుతున్నన్నాళ్లూ వాళ్ల పొలం పనులు ఆయన చూడాలి, పెద్దామెతో మొదలుపెట్టి వాళ్లలో ఎవరు ఒప్పుకుంటే వాళ్లను పెళ్లి చేసుకోవాలి. హాలు దద్దరిల్లింది. న్యాయం అడిగిన మనిషికి ఊరు ఇంకో నాటకం ఆడి చూపించింది. ఈసారి కార్యక్రమం వాళ్లది కాదు, పాత్రలు మాత్రం వాళ్లవే.

ఆ తర్వాత వాళ్ల పేరు అయోవాలో ఊరూరా పాకింది. బాగా పాడతారని కాదు, విసరొచ్చని. క్యాబేజీలు, టర్నిప్ దుంపలు, కోడిగుడ్లు జేబుల్లోనూ సంచుల్లోనూ వేసుకుని జనం రావడం మొదలుపెట్టారు. డుబూక్ పట్నంలో ప్రేక్షకులు మంటలార్పే యంత్రం తెచ్చి వేదిక మీదికి చిమ్మారన్నది ఇప్పటికీ చెప్పుకునే కథ.

హామర్‌స్టీన్ లెక్క

1896కి ఈ వార్త న్యూయార్కులో ఆస్కార్ హామర్‌స్టీన్ చెవిన పడింది. జర్మనీ నుంచి వలస వచ్చి, చుట్టల తయారీ యంత్రాలకు పేటెంట్లు తీసుకుని సంపాదించి, ఆ సంపాదనంతా నాటకశాలల్లో పోసిన మనిషి ఆయన. ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ పాటలు రాసిన ఆస్కార్ హామర్‌స్టీన్ ఈయన మనవడే. బ్రాడ్‌వేలో 44, 45 వీధుల మధ్య 1895 నవంబరులో ‘ఒలింపియా’ అనే బ్రహ్మాండమైన వినోదశాల కట్టాడు. ఆ చోటు తర్వాత టైమ్స్ స్క్వేర్ అయింది. పారిస్ నుంచి ఇవెట్ గిల్‌బెర్ అంతటి గాయనిని పెద్ద మొత్తం పోసి తెప్పించాడు. అయినా ఖర్చులు ఆదాయాన్ని మింగేస్తున్నాయి.

ఉత్తమమైనవాళ్లను తెచ్చి చూశాను, గిట్టుబాటు కాలేదు, ఇక అధమమైనవాళ్లను తెచ్చి చూస్తాను అని ఆయన అన్నాడని నాటకరంగ చరిత్రల్లో చెప్పుకుంటారు. సరిగ్గా అదే మాట అన్నాడో లేదో గానీ, చేసింది మాత్రం అదే.

1896 నవంబరు 16న ఎలిజబెత్, ఎఫీ, జెస్సీ, ఆడీ నలుగురూ ఒలింపియా వేదిక ఎక్కారు. సొంతంగా కుట్టుకున్న గౌన్లు, జెస్సీ మెడలో డోలు. మొదటి రాత్రి జనం ముందు బిత్తరపోయారు, తర్వాత నవ్వారు, తర్వాత అరిచారు. మర్నాటి పత్రికలు వాళ్లను మనుషుల లెక్కలో వేయలేదు. మర్నాటి నుంచి టికెట్ల కిటికీ దగ్గర రద్దీ పెరిగింది. కూరగాయలూ వచ్చాయి. మొదటి దుంప విసిరింది హామర్‌స్టీన్ కొడుకులేనని ఒక కథ. వేదికకు, జనానికి మధ్య ఇనుప వల కట్టారని ఇంకో కథ, దాన్ని అక్కచెల్లెళ్లు చివరిదాకా ఒప్పుకోలేదు. ఇంత గోల ఎందుకని వాళ్లు అడిగితే, మీ పేరు చూసి ఓర్వలేని ఇతర నటీమణులు మనుషుల్ని పెట్టి చేయిస్తున్నారని హామర్‌స్టీన్ సర్దిచెప్పాడట. ప్రదర్శనలు వారాల తరబడి నడిచాయి.

ఆ రోజుల న్యూయార్కు నాటకశాలలో పద్ధతులు మారుతున్నాయి. పెద్దమనుషులు కుటుంబాలతో రావాలంటే హాలు ప్రశాంతంగా ఉండాలి కాబట్టి కేకలు, ఈలలు, విసురుళ్లు ఆపించారు. ప్రేక్షకుడు చీకట్లో నోరు మూసుకుని కూర్చోవడం అప్పుడప్పుడే నేర్చుకుంటున్నాడు. అలాంటివాడికి హామర్‌స్టీన్ ఒక గంటసేపు పాత స్వేచ్ఛ అమ్మాడు. సూటు వేసుకున్న గుమాస్తా క్యాబేజీ విసరొచ్చు, తిట్టొచ్చు, మర్నాడు ఆఫీసులో ఆ సంగతి గొప్పగా చెప్పుకోవచ్చు. జనం టికెట్టు కొన్నది పాట కోసం కాదు, ఆ అనుమతి కోసం. నాలుగు గౌన్లు ఆ అనుమతికి గురిపలకలు.

అయితే అనుమతికి ఒక షరతు ఉంది. వేదిక మీదున్నవాళ్లు ఏమీ తెలియనివాళ్లని నమ్మాలి. వాళ్లకు తెలుసు, నొప్పి పుడుతోంది అనుకున్న క్షణంలో విసిరే చెయ్యి ఆగుతుంది. అందుకే ‘పాపం, తెలియదు’ అనే మాట అన్ని సమీక్షల్లోనూ తిరిగింది. పైకి అది జాలి మాటే, లోపల మాత్రం విసిరేవాడు తనకు తాను ఇచ్చుకున్న అనుమతి పత్రం.

గుర్రాల సంత భాష

తెలుసు అనడానికి రుజువు కోర్టు కాగితాల్లో ఉంది.

1898లో అయోవాలోనే ఒడెబోల్ట్ అనే ఊరి పత్రికలో బిల్లీ హామిల్టన్ ఒక సమీక్ష రాశాడు. దాన్ని రాజధాని పత్రిక ‘డి మొయిన్ లీడర్’ ఫిబ్రవరిలో ఎత్తి అచ్చేసింది. అందులో పాట గురించి ఉన్నది తక్కువ, ఒంటి గురించి ఉన్నది ఎక్కువ. ఎఫీ యాభై ఏళ్ల ముసలి గుర్రమట, జెస్సీ నలభై ఏళ్లొచ్చినా గంతులేసే ఆడ గుర్రప్పిల్లట, ఆడీ ముప్పై అయిదేళ్ల ఎగిరే వికారమట. చేతుల చివర గోళ్లు, గుహల్లా తెరుచుకునే నోళ్లు, నరకంలో పడ్డ ఆత్మల ఏడుపు. ఆపైన ఎఫీకీ ఆడీకీ గుర్రాల కాళ్లకు వచ్చే రోగాల పేర్లు తగిలించి, జెస్సీ పిక్కలను చీపురు కర్రతో పోల్చాడు. గుర్రాల సంతలో బేరగాడు పళ్లు చూసి, కాళ్లు తట్టి మాట్లాడే భాష అది. వయసులు కూడా అబద్ధాలే. అందరిలోకీ చిన్నదైన జెస్సీకి అప్పటికి ముప్పై నిండలేదు.

ఆడీ చెర్రీ 15,000 డాలర్లకు దావా వేసింది. ఈసారి నిజమైన కోర్టు. బోనెక్కి తమ ప్రదర్శన ఏమిటో చెప్పాల్సి వచ్చింది. ఇవి కచేరీలు, సాహిత్య కార్యక్రమాలు అని చెప్పారు. ఏ పాట పాడతారో, ఏ వ్యాసం చదువుతారో, ‘నేటి యువకుడు’ అనే అంశం మీద ఏం వినిపిస్తారో ఒక్కొక్కటే చెప్పుకొచ్చారు. ఆ వాంగ్మూలంలో అమాయకత్వం వెతికితే దొరుకుతుంది. కానీ దావా వేయడమే అన్నిటికన్నా పెద్ద వాంగ్మూలం. మీరు రాసిన ప్రతి మాటా మాకు అర్థమైంది అని అంతకంటే ఎలా చెప్తారు?

కింది కోర్టు జడ్జి కేసును జ్యూరీ ఆలోచన దాకా పోనివ్వకుండానే పత్రిక వైపు తీర్పు ఇప్పించాడు. 1901లో అయోవా సుప్రీంకోర్టు దాన్నే ఖాయం చేసింది. వేదికెక్కి జనాన్ని పిలిచినవాళ్ల ప్రదర్శన మీద ఎవరైనా స్వేచ్ఛగా విమర్శ చేయొచ్చు, ఎగతాళి చేయొచ్చు, అతిశయోక్తి వాడొచ్చు, మాట ఎంత ఘాటుగా ఉన్నా దురుద్దేశం రుజువు కానంతవరకు అది పరువునష్టం కాదు అన్నది దాని సారం. ‘చెర్రీ వర్సెస్ డి మొయిన్ లీడర్’ కేసును అమెరికా న్యాయ విద్యార్థులు ఇప్పటికీ చదువుతారు. విమర్శకుల స్వేచ్ఛకు అది గట్టి పునాది వేసింది. ఆ మేలు కాదనలేం. అలాంటి తీర్పులే లేకపోతే పెద్ద నటుడి సినిమా బాగాలేదని రాసిన ప్రతి విలేకరీ కోర్టు చుట్టూ తిరగాల్సి వచ్చేది.

మన చట్టంలో ఈ గీత అంతకు చాలా ముందే గీశారు. 1860 నాటి భారత శిక్షాస్మృతి 499వ సెక్షన్‌లో పరువునష్టానికి ఉన్న మినహాయింపుల్లో ఆరోది బహిరంగ ప్రదర్శనల గురించే. వేదికెక్కిన నటుడు, గాయకుడు తమ కళను జనం తీర్పుకు వదిలినట్టే లెక్క. ఇప్పుడు ఆ సెక్షన్ భారతీయ న్యాయ సంహితలో 356గా మారింది. అయితే ఆ మినహాయింపుకు ఇచ్చిన ఉదాహరణల్లో ఒక మెలిక పెట్టారు. పుస్తకం చదివి, దాన్నిబట్టి రాసినవాడు అవివేకి అయివుంటాడని సద్బుద్ధితో అంటే తప్పు లేదు. వాడు ఎలాగూ అవివేకి, భ్రష్టుడు, పుస్తకం అలా ఉండక ఎలా ఉంటుంది అంటే మాత్రం రక్షణ లేదు. అంటే తీర్పు పని నుంచి మనిషి వైపు వెళ్లొచ్చు గానీ, మనిషి నుంచి పని వైపు రాకూడదు. ఆ కొలతతో చూస్తే, జెస్సీ పిక్కల మీద వ్యాఖ్యకు పాటతో ఏం సంబంధమో హామిల్టన్ చెప్పాల్సి వచ్చేది.

కిటికీ మారింది, లెక్క మారలేదు

2011 మార్చిలో కాలిఫోర్నియాకు చెందిన 13 ఏళ్ల రెబెకా బ్లాక్ పాడిన ‘ఫ్రైడే’ పాట యూట్యూబ్‌లో ఉన్నట్టుండి లోకమంతా పాకింది. తల్లిదండ్రులు సుమారు 4,000 డాలర్లు కట్టి ఒక చిన్న సంస్థ చేత తీయించిన వీడియో అది. ప్రపంచంలోకెల్లా చెత్త పాట అని ఒకరికొకరు పంపుకున్నారు. కొన్ని నెలల్లోనే నచ్చలేదన్న నొక్కుళ్లు 30 లక్షలు దాటాయి. ఒలింపియాలో క్యాబేజీ తెచ్చినవాడూ టికెట్టు కొన్నవాడే అయినట్టు, ఇక్కడ తిట్టడానికి వచ్చినవాడి చూపు కూడా చూపుల లెక్కలో కలిసింది. హామర్‌స్టీన్ కనీసం దుంపలు ఎవరు తెచ్చారో కళ్లతో చూడగలిగాడు. యూట్యూబ్ యంత్రానికి ఆ బాధా లేదు, ప్రేమకూ ఛీత్కారానికీ దాని దగ్గర ఒకటే పద్దు.

తొమ్మిదేళ్ల తర్వాత, 2020లో ఆమె తన పాత రోజుల గురించి రాసింది. 13 ఏళ్లప్పుడు తన మీద తనకే సిగ్గు వేసిందని, 15 ఏళ్లకు కుంగుబాటుతో ఎవరికీ చెప్పుకోలేకపోయిందని, 17 ఏళ్లప్పుడు బడికి వెళ్తే తన మీదా తన స్నేహితుల మీదా తిండి పదార్థాలు విసిరేవారని. నూరేళ్లు దాటాక కూడా విసరడమే. ఆమె ఇప్పటికీ పాడుతోంది, ఇప్పుడు ఆమె పాటలు ఇష్టపడి వినేవాళ్లున్నారు.

మన దగ్గర దీనికి తలకిందులైన ఉదాహరణ ఒకటుంది. 2014లో వచ్చిన ‘హృదయ కాలేయం’తో సంపూర్ణేష్ బాబు తన పేరుకు ముందు తానే ‘బర్నింగ్ స్టార్’ అని తగిలించుకుని, తెలుగు సినిమా హీరోయిజాన్నే ఎగతాళి చేస్తూ వచ్చాడు. పోస్టరు చూసి మొదట వెక్కిరించినవాళ్లు, అతనికి అంతా తెలుసని గ్రహించగానే అతనితో కలిసి నవ్వారు. కన్ను గీటినవాడి మీద ఎవరూ రాయి వెయ్యరు. చెర్రీ సోదరీమణులు ఒక్కసారి కూడా కన్ను గీటలేదు. గీటి ఉంటే బతుకు తేలికయ్యేది. కానీ శిలువను, దేశాన్ని, నీతిని వేదిక మీద పెట్టి అదంతా తమాషాకే అనడం వాళ్ల వల్ల కాలేదు. దానికి మూర్ఖత్వం అనే పేరు ఒక్కటే సరిపోదు.

తర్వాత

1903లో జెస్సీ టైఫాయిడ్‌తో చనిపోయింది. ఆమెతోపాటే అసలు జట్టు ముగిసింది. మిగిలినవాళ్లు అయోవా తిరిగొచ్చారు, సెడార్ రాపిడ్స్‌లో బేకరీ నడిపారు, మధ్యమధ్య మళ్లీ వేదికెక్కే ప్రయత్నాలు చేశారు. 1924లో ఎఫీ ఆ పట్నం మేయరు పదవికి పోటీ చేసింది. రాత్రి పెందలాడే అందరూ ఇళ్లు చేరాలి, ఆడవాళ్లు పొడుగు గౌన్లు వేసుకోవాలి అన్నది ఆమె ప్రచారం. ఓడిపోయింది, 1926లో మళ్లీ నిలబడి మళ్లీ ఓడిపోయింది. రబ్బరు జోళ్లు విసిరిన ఊళ్లోనే ఓట్లడగడానికి ఎంత గుండె కావాలో ఆలోచించండి. వాళ్లకు ఏమీ తెలియదన్న మాటను ఆ ఒక్క పని తోసిపుచ్చుతుంది. తెలిసే, తిరిగి జనం ముందుకు వచ్చింది.

ఎఫీ 1944లో కన్నుమూసింది. సరిగ్గా అదే ఏడాది అక్టోబరు 25న న్యూయార్కులో కార్నెగీ హాలు ముందు టికెట్లు దొరక్క జనం వెనుదిరిగారు. లోపల పాడుతున్నది 76 ఏళ్ల ధనికురాలు ఫ్లోరెన్స్ ఫాస్టర్ జెంకిన్స్. శ్రుతి ఒక్క చోటా కుదరదని అందరికీ తెలుసు. ఆమెకు తెలుసా అని ఎనభై ఏళ్లుగా అడుగుతూనే ఉన్నారు. వచ్చే వారం మనం ఆ ప్రశ్న ఆమెను అడగబోవడం లేదు. టికెట్లు కొన్నవాళ్లను అడుగుదాం.